వాదనలో ఆధారవాక్యాలు ఏవి, తీర్మానం ఏది? గుర్తించే పద్ధతి

“పేరా మొత్తం చదివితే అర్థమవుతోంది గాని, ఇందులో ఏది ఆధారం, ఏది తీర్మానం అని అడిగితే వేలు పెట్టి చూపలేకపోతున్నాం” అన్న ప్రశ్న తర్కం కొత్తగా చదువుతున్నవారి నుంచీ, వ్యాసాలను విశ్లేషించాల్సిన విద్యార్థుల నుంచీ పదే పదే వస్తోంది. ఈ చిక్కు తెలివికి సంబంధించినది కాదు. చాలామంది పేరాలో “కాబట్టి” కోసం వెతుకుతారు, అది దొరక్కపోతే చివరి వాక్యాన్ని తీర్మానంగా రాసేస్తారు. ఈ రెండు అలవాట్లూ సగం సార్లు మోసం చేస్తాయి. కింద చెప్పిన వరుసలో పనిచేస్తే వాటి అవసరం తగ్గిపోతుంది.

సిద్ధాంతం ఇక్కడ రెండు ముక్కలు చాలు. రచయిత మనచేత ఒప్పించాలని చూస్తున్న మాట తీర్మానం. దాన్ని ఒప్పుకోవడానికి మన ముందు పెట్టిన మాట ఆధారవాక్యం. ఒక మాట ఆధారమా, తీర్మానమా అన్నది ఆ వాదనలో అది చేస్తున్న పనిని బట్టి తేలుతుంది గాని, ఆ మాట స్వభావాన్ని బట్టి కాదు. ఒక చోట తీర్మానమైన వాక్యమే మరో చోట ఆధారం కావచ్చు.

కావలసినవి

అయిదారు వాక్యాలకు మించని పేరా ఒకటి, దాన్ని వెడల్పుగా రాసుకోవడానికి కాగితం, పెన్సిలు. మొదట్లో మీకు గట్టి అభిప్రాయం లేని విషయం మీది పేరానే ఎంచుకోండి. రాజకీయాల మీదో, మీ అభిమాన ఆటగాడి మీదో రాసిన పేరాతో మొదలుపెడితే, రచయిత ఏమన్నాడో చూడటం మాని మీరు ఏమనాలనుకుంటున్నారో చూడటం మొదలుపెడతారు.

1. అసలు అక్కడ వాదన ఉందో లేదో తేల్చుకోండి

ప్రతి పేరాలోనూ వాదన ఉండదు. కథనం, వర్ణన, సూచనల పట్టిక, వట్టి అభిప్రాయం ఇవేవీ వాదనలు కావు. వీటిని గుర్తించడం సులువే. అసలు చిక్కు వివరణతో వస్తుంది, ఎందుకంటే వివరణా వాదనా ఒకే మాటలు వాడతాయి. ఈ రెండు వాక్యాలు చూడండి.

“వేళ్లు కుళ్లిపోవడం వల్ల నిన్నటి గాలికి ఆ చెట్టు కూలిపోయింది.”
“వేళ్లు కుళ్లిపోయాయి కనుక ఈసారి గాలి వీస్తే ఆ చెట్టు కూలిపోతుంది.”

మొదటిదానిలో చెట్టు కూలిన సంగతి అందరికీ తెలిసిందే, ఎందుకు కూలిందో చెబుతున్నారు. అది వివరణ. రెండోదానిలో కూలుతుందన్న మాటే ఇంకా తేలవలసి ఉంది, దానికి మద్దతుగా వేళ్ల సంగతి తెచ్చారు. అది వాదన. కాబట్టి వేసుకోవలసిన ప్రశ్న ఒకటే: ఇందులో పాఠకుడు ముందే ఒప్పుకున్నది ఏది, ఇంకా ఒప్పుకోనిది ఏది? ఒప్పుకోని మాట వైపు ఒప్పుకున్న మాట నడిపిస్తుంటే అది వాదన.

“బ్యాటరీ అయిపోతే గడియారం ఆగిపోతుంది” వంటి షరతు వాక్యం ఒక్కటే ఉంటే దాన్ని వాదనగా లెక్కపెట్టకండి. బ్యాటరీ అయిపోయిందనీ చెప్పలేదు, గడియారం ఆగిందనీ చెప్పలేదు. ఆ రెంటి మధ్య ఉన్న సంబంధం మాత్రమే చెప్పారు. ఆ వాక్యం మరో వాక్యంతో కలిసినప్పుడు ఆధారం అవుతుంది.

2. వాక్యాలను కాదు, ప్రతిపాదనలను విడగొట్టి సంఖ్యలు వేయండి

ప్రతిపాదన అంటే విడిగా ఒప్పుకోవడానికో కాదనడానికో వీలైన ఒక్క మాట. మన వాక్యం క్రియలను వరుసగా గుచ్చుకుంటూ ఎంత దూరమైనా పోగలదు కనుక, ఒక్క పూర్ణవిరామం లోపల మొత్తం వాదన ఇమిడిపోవచ్చు.

“నిన్నటి నుంచి సర్వర్ పనిచేయకపోవడం వల్ల చాలామంది దరఖాస్తులు పంపలేకపోయి ఉంటారు కాబట్టి గడువు పెంచాలి.”

ఇది చూడటానికి ఒక వాక్యం, లెక్కకు మూడు ప్రతిపాదనలు: (1) నిన్నటి నుంచి సర్వర్ పనిచేయడం లేదు. (2) చాలామంది దరఖాస్తులు పంపలేకపోయి ఉంటారు. (3) గడువు పెంచాలి. ప్రతి ముక్కనూ ఇలా సొంత క్రియతో పూర్తి వాక్యంగా తిరగరాయండి. “పనిచేయకపోవడం” అని నామరూపంలో వదిలేస్తే అది ఒక ప్రతిపాదన అన్న సంగతే కంటికి ఆనదు. ఆధారవాక్యాలు తప్పిపోయేది ఎక్కువగా ఇలాంటి చోట్లనే.

హెచ్చరిక: అన్నిటినీ విడగొట్టకూడదు. షరతు వాక్యాన్నీ, “ఇదైనా అయి ఉండాలి, అదైనా అయి ఉండాలి” అన్న వికల్ప వాక్యాన్నీ ఒకే ప్రతిపాదనగా ఉంచండి. వాటిని రెండుగా చీలిస్తే, రచయిత ఎక్కడా చెప్పని మాటలను ఆయన నోట పెట్టినట్టవుతుంది.

3. ముందుగా తీర్మానాన్ని పట్టుకోండి

ఆధారాల నుంచి మొదలుపెట్టకండి. “ఈ పేరా అంతా రాసింది నాచేత ఏం ఒప్పించడానికి?” అని అడిగి, జవాబును మీ సొంత మాటల్లో ఒక్క వాక్యంగా రాసి, ఆ తర్వాత మీరు వేసిన సంఖ్యల్లో దానికి సరిపడేది ఏదో చూడండి. ఏదీ సరిపడకపోతే రచయిత తీర్మానాన్ని పైకి చెప్పకుండా వదిలి ఉండవచ్చు. ప్రకటనల్లో ఇది మామూలే.

తీర్మానం ఎక్కడైనా ఉండవచ్చు. ప్రాచీన భారతీయ తర్కశాస్త్రమైన న్యాయదర్శనం చెప్పిన అయిదు అవయవాల (వాదన భాగాల) వరుసలో నిరూపించవలసిన మాట ప్రతిజ్ఞగా మొట్టమొదటే వస్తుంది, ఆ తర్వాత హేతువు (కారణం), ఉదాహరణ, ఉపనయం (ఆ ఉదాహరణను ప్రస్తుత విషయానికి అన్వయించడం) వచ్చి, చివర నిగమనంగా అదే మాట మళ్లీ వస్తుంది. “కొండ మీద నిప్పు ఉంది, పొగ ఉంది గనుక” అన్న ప్రసిద్ధ ఉదాహరణలో తీర్మానం ముందుంది, ఆధారం వెనక ఉంది. ఈనాటి వ్యాసాలు కూడా ఇలా మొదట ఒకసారి, చివర ఒకసారి తీర్మానం చెప్పడం సర్వసాధారణం. మాటలు కాస్త మారినా విషయం ఒకటే అయితే రెంటికీ ఒకే సంఖ్య వేయండి.

గుర్తు మాట ఒక్కటీ లేని వాదన ఇది: “తాళంచెవి అయినా తప్పుదై ఉండాలి, తాళమైనా చెడిపోయి ఉండాలి. ఇదే చెవితో పొద్దున తెరిచాం. తాళమే చెడిపోయింది.” ఇక్కడ “కాబట్టి” లేకపోయినా చివరి వాక్యం మిగిలిన రెంటి మీద ఆనుకుని ఉందని తెలిసిపోతోంది. అనుమానం ఉంటే వాక్యాల మధ్య మీరే “కాబట్టి” పెట్టి చదవండి. “ఇదే చెవితో పొద్దున తెరిచాం, కాబట్టి తాళమే చెడిపోయింది” అన్నది నడుస్తుంది. “తాళమే చెడిపోయింది, కాబట్టి ఇదే చెవితో పొద్దున తెరిచాం” అన్నది నడవదు. ఈ పద్ధతిలో అన్నిటికంటే నమ్మదగిన పనిముట్టు ఇదే.

4. గుర్తు మాటలను చూడండి, కాని వాటి తోకలు కూడా చూడండి

గుర్తు మాటల పట్టికలు చాలా పుస్తకాల్లో ఉంటాయి. వాటిని బట్టీ పడితే తెలుగులో పెద్దగా లాభం లేదు, ఎందుకంటే మన భాషలో ఈ పని సగానికి పైగా క్రియ చివర్లలో జరుగుతుంది. ఒకే వాదనను ఎన్ని రకాలుగా చెప్పవచ్చో చూడండి.

“బయట తాళం వేసి ఉంది. కాబట్టి లోపల ఎవరూ లేరు.” వాక్యం మొదట్లో వచ్చిన “కాబట్టి” తర్వాత ఉన్నది తీర్మానం.

“బయట తాళం వేసి ఉంది కాబట్టి లోపల ఎవరూ లేరు.” ఇక్కడ “కాబట్టి” ఆధారం తోకకు అతుక్కుని ఉంది. ఎడమవైపున్నది ఆధారం, కుడివైపున్నది తీర్మానం.

“లోపల ఎవరూ లేరు, బయట తాళం వేసి ఉంది కాబట్టి.” వరుస తిరగబడింది గాని “కాబట్టి” ఇంకా ఆధారం తోకనే పట్టుకుని ఉంది. “కాబట్టి ఉన్నది తీర్మానం” అని బండగుర్తు పెట్టుకున్నవారు ఇక్కడ తలకిందులవుతారు.

“బయట తాళం వేసి ఉంది కదా, లోపల ఎవరుంటారు?” ఆధారానికి “కదా” తగిలింది. తీర్మానం ప్రశ్న వేషం వేసుకుంది. జవాబు ఆశించని ప్రశ్నను ముందు మామూలు వాక్యంగా మార్చి (“లోపల ఎవరూ ఉండరు”) ఆ తర్వాతే సంఖ్య వేయండి.

“బయట తాళం వేసి ఉందంటే లోపల ఎవరూ లేనట్టే.” “ఉందంటే” ఆధారానికి, “లేనట్టే” తీర్మానానికి గుర్తు. “అన్నమాట”, “అయి ఉండాలి”, “తీరాలి”, “అని తేలుతోంది” అన్న ముగింపులు కూడా చాలావరకు తీర్మానం వైపే చూపిస్తాయి.

ఇవి కాక, ఆధారానికి ముందు “ఎందుకంటే”, “ఎందుచేతనంటే” వస్తాయి. ఆధారం వెనక “-నందున”, “-డం చేత”, “దృష్ట్యా”, “-ను బట్టి” వస్తాయి. తీర్మానానికి ముందు “అందువల్ల”, “కనుక”, “దీన్నిబట్టి”, “ఆ లెక్కన” వస్తాయి.

నమ్మకూడని మాటలు కొన్ని ఉన్నాయి. “అంటే” ఒక్కోసారి తీర్మానాన్ని తెస్తుంది, ఒక్కోసారి వట్టి అర్థం చెబుతుంది (“త్రిభుజం అంటే మూడు భుజాలున్న ఆకారం”). “అయితే” షరతు కావచ్చు, “కాని” అన్న అర్థంలో ఎదురుమాట కావచ్చు. “వల్ల”, “కారణంగా”, “అందుకే” చాలాసార్లు వివరణలోనే కనిపిస్తాయి. ఇవి కనిపించినప్పుడు మొదటి మెట్టుకు తిరిగి వెళ్లి, ఇంకా ఒప్పుకోని మాట ఏదని మరోసారి అడగండి.

5. వాదనలో పాలుపంచుకోని వాటిని కొట్టివేయండి

ఉపోద్ఘాతం, పలకరింపు, విషయ నేపథ్యం, చమత్కారం: వీటి మీద సన్నని గీత గీయండి. పూర్తిగా చెరిపేయవద్దు, పొరపాటున ఆధారాన్ని కొట్టివేసి ఉంటే వెనక్కి తేవలసి వస్తుంది.

ఎదుటివారి మాటల దగ్గర మరికాస్త జాగ్రత్త కావాలి. “గడువు పెంచితే క్రమశిక్షణ దెబ్బతింటుందని కొందరు అంటున్నారు” అన్న వాక్యం రచయిత ఆధారం కాదు, ఆయన ఖండించబోతున్న మాట. దానికి వచ్చే జవాబు మాత్రం రచయిత వాదనలో భాగమే. “అంటున్నారు”, “అనుకుంటారు”, “అనవచ్చు” కనిపించిన ప్రతి చోటా ఆ మాటకు పూచీ ఎవరిదో చూడండి.

6. బాణాలు గీయండి

ఆధారం సంఖ్య నుంచి అది మోస్తున్న సంఖ్య వైపు బాణం గీయండి. ప్రతిపాదనలకు సంఖ్యలు వేసి బాణాలతో కలిపే ఈ అలవాటును అమెరికన్ తాత్త్వికుడు మన్రో బియర్డ్‌స్లీ 1950లో తన పాఠ్యగ్రంథంలో వాడాడు. అంతకుముందే, 1913లో, జాన్ హెన్రీ విగ్మోర్ అనే న్యాయశాస్త్ర పండితుడు కేసుల్లోని సాక్ష్యాలను గుర్తులూ గీతలతో పటంగా వేసి చూపాడు. మనకు అంత సరంజామా అవసరం లేదు, పెన్సిలు గీత చాలు.

సర్వర్ ఉదాహరణలో (1) నుంచి (2)కు, (2) నుంచి (3)కు బాణాలు వస్తాయి. (2) ఒకవైపు తీర్మానం, మరోవైపు ఆధారం. ఇలాంటి దాన్ని మధ్యంతర తీర్మానం అంటారు. “ఇది ఆధారమా, తీర్మానమా?” అని చాలామంది కొట్టుకునేది ఈ మధ్యలో ఉన్నదాని దగ్గరే. రెండూ అని రాయండి.

రెండు ఆధారాలు ఒకే తీర్మానం వైపు వెళ్తుంటే, అవి జంటగా పనిచేస్తున్నాయా, విడివిడిగానా అని చూడాలి. ఒకదాన్ని వేలితో మూసి చదవండి. రెండోదానికి ఒంటరిగా ఏ బలమూ మిగలకపోతే అవి జంట: రెంటి మధ్య కూడిక గుర్తు పెట్టి ఒకే బాణం గీయండి. మూడో మెట్టులో చూసిన తాళంచెవి వాదనలోని మొదటి రెండు వాక్యాలు ఇలాంటివే. మిగిలినది తన బలంతో తాను నిలబడగలిగితే రెండు వేరు బాణాలు గీయండి.

7. చెప్పకుండా వదిలిన ఆధారాన్ని పూరించండి

తీర్మానంలో ఉండి ఆధారాల్లో ఎక్కడా లేని ముఖ్యమైన పదం ఏదో చూడండి. ఆ రెంటినీ కలిపే మాటే దాగిన ఆధారం. “గడువు పెంచాలి” అన్నదానిలో “పెంచాలి” ఎక్కడి నుంచి వచ్చింది? “తమ తప్పు లేకుండా దరఖాస్తు పంపలేకపోయినవారికి మరో అవకాశం ఇవ్వాలి” అన్న మాట మధ్యలో దాగి ఉంది. “చేయాలి”, “కూడదు”, “మంచిది” అని ముగిసే తీర్మానం కింద ఇలాంటి విలువకు సంబంధించిన ఆధారం దాదాపు ఎప్పుడూ ఉంటుంది.

పూరించేటప్పుడు వాదన నిలబడటానికి సరిపడేంత చిన్న మాటనే పెట్టండి. “ఎవరు అడిగినా గడువు పెంచాలి” అని రాస్తే రచయిత అనని పెద్ద మాటను అంటగట్టి, ఆ తర్వాత దాన్నే కొట్టిపారేయడానికి దారి తీస్తుంది. పూరించినదానికి అంకె బదులు అక్షరం వేయండి (క, చ, ట), ఏది రచయితదో ఏది మీదో తెలియాలి.

ఒక పేరా మీద మొత్తం పద్ధతి

భూమి గోళాకారంలో ఉందని అరిస్టాటిల్ చేసిన వాదన సారాన్ని నా మాటల్లో ఇస్తున్నాను.

“చంద్రగ్రహణం చూడనివారు అరుదు. గ్రహణ సమయంలో చంద్రుడి మీద పడేది భూమి నీడే. ఆ నీడ అంచు ప్రతి గ్రహణంలోనూ వంపు తిరిగే కనిపిస్తుంది కాబట్టి భూమి గోళాకారంలో ఉండి తీరాలి. పైగా ఉత్తర దక్షిణాలుగా కొద్ది దూరం ప్రయాణించినా కనిపించే నక్షత్రాలు మారిపోతాయి. ఈజిప్టులో కనిపించే కొన్ని నక్షత్రాలు ఉత్తర ప్రాంతాల్లో కనిపించవు. భూమి బల్లపరుపుగా ఉంటే ఇలా జరుగుతుందా? ఇంత కొద్ది దూరానికే ఇంత తేడా వస్తోందంటే భూమి మరీ పెద్దది కూడా కాదన్నమాట.”

మొదటి వాక్యం ఉపోద్ఘాతం, కొట్టివేయండి. మిగిలినవి: (1) చంద్రుడి మీద పడేది భూమి నీడ. (2) ఆ నీడ అంచు ప్రతి గ్రహణంలోనూ వంపుగా ఉంటుంది. (3) భూమి గోళాకారంలో ఉంది. (4) ఉత్తర దక్షిణాలుగా కొద్ది దూరం వెళ్తే కనిపించే నక్షత్రాలు మారతాయి. (5) ఈజిప్టులో కనిపించే కొన్ని నక్షత్రాలు ఉత్తర ప్రాంతాల్లో కనిపించవు. (6) భూమి బల్లపరుపుగా ఉంటే ఇలా జరగదు. (7) భూమి మరీ పెద్దది కాదు.

చివరి వాక్యమే తీర్మానం అనుకునేవారు (7) దగ్గర ఆగిపోతారు. “కూడా” అన్న మాటను చూడండి: ఇది ముందొక తీర్మానం చెప్పేసి దాని పక్కన మరొకటి చేరుస్తోంది. ప్రధాన తీర్మానం (3).

(1), (2) జంట. నీడ భూమిది కాకపోతే దాని వంపుతో మనకు పనే లేదు, నీడ వంపుగా లేకపోతే అది భూమిదైనా లాభం లేదు. కనుక (1)+(2) నుంచి (3)కు ఒక బాణం. (5) నుంచి (4)కు మరో బాణం, ఎందుకంటే (5) దానికి సాక్ష్యంగా వచ్చింది. (4)+(6) కలిసి “భూమి బల్లపరుపుగా లేదు” (క) అన్న, పైకి చెప్పని మధ్యంతర తీర్మానాన్ని ఇస్తాయి, అక్కడి నుంచి (3)కు బాణం. ఈ చివరి బాణం దగ్గర కాస్త ఆగండి. బల్లపరుపు కానంత మాత్రాన గోళమే కానక్కరలేదు. కాబట్టి ఈ రెండో దారి మొదటిదానంత గట్టిది కాదు, అయినా మొదటిదాన్ని మూసివేసినా దీనికి తనదైన బలం కొంత ఉంది. ఇక (7)కు బాణం (4) నుంచి మాత్రమే రాదు. భూమి గోళమని ముందు ఒప్పుకుంటేనే కొద్ది దూరంలో వచ్చే తేడా దాని పరిమాణం గురించి ఏదైనా చెబుతుంది. అందువల్ల (3)+(4) నుంచి (7)కు బాణం గీయాలి. అంటే ఈ పేరాలో (3) ప్రధాన తీర్మానమై ఉండి కూడా ఆధారంగా మరో పని చేస్తోంది.

(1), (2)లలో “గోళం” అన్న పదం లేదు, (3)లో ఉంది. అక్కడ దాగిన ఆధారం ఏమిటి? “వంపు నీడ వేసేది గోళమే” అని పూరిస్తే అది తప్పు. పళ్లెం లాంటి బిళ్ల కూడా ఎదురుగా వెలుగు పడినప్పుడు గుండ్రని నీడే వేస్తుంది. కాని అదే బిళ్ల మీద వెలుగు ఏటవాలుగా పడితే నీడ కోలగా సాగిపోతుంది. రచయిత “ప్రతి గ్రహణంలోనూ” అన్నది ఇందుకే. కాబట్టి దాగిన ఆధారం (చ): ఏ వైపు నుంచి వెలుగు పడినా గుండ్రని నీడ వేసేది గోళం ఒక్కటే. “ప్రతి” అన్న చిన్న మాటను సంఖ్యలు వేసేటప్పుడు జారవిడిచి ఉంటే ఈ వాదన మొత్తం చేజారిపోయేది. “ఎప్పుడూ”, “కొన్ని”, “చాలావరకు”, “మాత్రమే” వంటి మాటలను తిరగరాసేటప్పుడు అలాగే ఉంచాలని చెప్పేది ఇందుకే.

తరచూ జరిగే పొరపాట్లు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది, గుర్తించడాన్నీ తీర్పు చెప్పడాన్నీ కలిపేయడం. “ఈ మాట అబద్ధం కనుక ఆధారవాక్యం కాదు” అని రాసేవారు చాలామంది. అబద్ధమైన మాట కూడా ఆధారవాక్యమే, అది చెడ్డ ఆధారవాక్యం, అంతే. మంచి చెడ్డలు చూడటం పటం పూర్తయ్యాక మొదలయ్యే వేరే పని.

అభిప్రాయంలా వినిపించిన ప్రతి మాటనూ తీర్మానంగా, సంఖ్యలూ వాస్తవాలూ ఉన్న ప్రతి మాటనూ ఆధారంగా రాయడం ఇంకో పొరపాటు. వాస్తవం కూడా తీర్మానం కావచ్చు: భూమి గోళమన్నది వాస్తవమే కదా.

పోటీ పరీక్షల్లో “ప్రకటనలు–తీర్మానాలు” విభాగానికి అలవాటు పడినవారు ప్రకటన అనిపించిన ప్రతిదాన్నీ ఆధారంగా తీసుకుంటారు. అక్కడ తీర్మానాలను విడిగా ఇచ్చి, అవి ప్రకటనల నుంచి వస్తాయో లేదో అడుగుతారు. ఇక్కడ ఏది ఏదో విడదీయడమే పని.

ఉదాహరణను ప్రధాన ఆధారంగా గీయడం కూడా ఉంది. ఉదాహరణ సాధారణంగా ఒక సార్వత్రిక వాక్యాన్ని మోస్తుంది, ఆ వాక్యం తీర్మానాన్ని మోస్తుంది. మధ్యలో మెట్టు దాటేయకండి.

సరిచూసుకోవడం

పటం పూర్తయ్యాక ఒక్కో బాణాన్నీ పైకి చదవండి: ఆధారం, “కాబట్టి”, తీర్మానం. తర్వాత తిరగేసి, తీర్మానం, “ఎందుకంటే”, ఆధారం. రెండు దిక్కులా మాట సహజంగా నడిస్తే బాణం సరైనదే. ఒక దిక్కున నత్తిగా వినిపిస్తే బాణం తలకిందులైందేమో చూడండి.

సంఖ్యలు లెక్కపెట్టండి. కొట్టివేయని ప్రతి సంఖ్యకూ కనీసం ఒక బాణం తగిలి ఉండాలి. బాణం తగలనిది ఉంటే అది ఉపోద్ఘాతమై ఉండాలి, లేదా మీరు సంబంధం చూడకుండా వదిలినదై ఉండాలి. ఏ బాణాల వెంట నడిచినా బయలుదేరిన చోటికే తిరిగి వస్తున్నట్టయితే ఒక బాణం తప్పు, లేదా రచయిత చెప్పిందే తిరిగి చెబుతున్నాడు. అలాంటి చుట్టు తిరుగుడు వాదనలు కూడా ఉంటాయి కనుక, బాణం తప్పని నిర్ధారించుకోకుండా చెరిపేయవద్దు.

ఆ తర్వాత తీర్మానాన్ని మూసి మిగిలిన పేరా చదవండి. “అయితే ఏమంటావు?” అన్న ప్రశ్న మిగిలితే సరైనదాన్నే మూశారు. పేరా ఏ లోటూ లేకుండా సాగిపోతే తీర్మానం మరెక్కడో ఉంది.

వీలైతే అదే పేరాను మరొకరికి ఇచ్చి, విడిగా పటం గీయించి పోల్చండి. ఇద్దరి పటాలూ ప్రధాన తీర్మానం దగ్గర తేడా వస్తే మూడో మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టండి. తేడా జంట బాణాల దగ్గరో, దాగిన ఆధారం దగ్గరో ఉంటే అది తరచూ రచయిత స్పష్టంగా రాయకపోవడం వల్ల వచ్చిన తేడానే. రెండు పటాలూ ఉంచుకుని, రచయితకు ఏది ఎక్కువ మేలు చేస్తుందో దాన్ని ముందు పరీక్షించండి.